సముద్రపు ప్లవకాలతో పటం వేయడం: నీటి చుక్క నుంచి కాగితం దాకా

సముద్రంలో ప్రవాహానికి ఎదురీదలేక దాంతో పాటే కొట్టుకుపోయే జీవులను ప్లవకాలు అంటారు. ఎండతో తమ తిండి తామే తయారు చేసుకునేవి వృక్ష ప్లవకాలు. వాటినీ, ఒకదాన్నొకటీ తిని బతికేవి జంతు ప్లవకాలు. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ కంటికి కనపడని వృక్ష ప్లవకాలదే. మన పళ్లెంలోకి వచ్చే ప్రతి సముద్రపు చేప వెనకా ఎక్కడో ఇవే ఉంటాయి.

వీటి ఫొటోలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతాయి. చూసి నక్షత్రాలు, చక్రాలు, ముళ్ల బంతులు వేసేయడం తేలికే. అయితే ఆ ముల్లు అక్కడ ఎందుకుందో, ఆ ఒళ్లు గాజులా ఎందుకుందో తెలియకుండా వేస్తే బొమ్మ డిజైన్ దగ్గరే ఆగిపోతుంది. కారణం తెలిశాక అదే గీత వేరుగా పడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం దూరం వెళ్లాక గానీ పెన్ను పట్టుకోం. ముందు నీళ్లు, తర్వాత చూపు, ఆ తర్వాతే గీత.

ముందు ఏ నీళ్లో తేల్చుకోండి

‘సముద్ర జీవులు’ అని మొత్తంగా మొదలుపెడితే ధ్రువాల దగ్గరి జీవి పక్కన ఉష్ణమండలపు జీవి వచ్చి కూర్చుంటుంది. ఒక చోటు, ఒక కాలం ఎంచుకోండి. నేనిక్కడ విశాఖ తీరాన్ని తీసుకుంటున్నాను.

బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్లు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైన ఒక పొరగా పరుచుకుంటాయి. ఆ పొర వల్ల అడుగున ఉన్న నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పైకి రావడం కష్టమవుతుంది. ఎండేమో పైన, ఎరువేమో కింద. నైరుతి రుతుపవనాలకు ముందు, మార్చి–ఏప్రిల్ ప్రాంతంలో, తీరం వెంబడి వీచే గాలులు పై నీటిని తీరం నుంచి నడి సముద్రం వైపు నెట్టినప్పుడు అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. వాటితో పాటు ఎరువూ వస్తుంది. అప్పుడు డయాటమ్‌లు, అంటే గాజు లాంటి గుల్లలుండే ఏకకణ వృక్ష ప్లవకాలు, ఒక్కసారిగా పెరుగుతాయి. తుఫాను సముద్రాన్ని చిలికినప్పుడూ ఇదే జరుగుతుంది. తుఫాను వెళ్లిన కొద్ది రోజులకు అది నడిచిన దారిలో పత్రహరితం పెరగడం ఉపగ్రహాల చిత్రాల్లో కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఈ పత్రహరితం, నీటి ఉష్ణోగ్రతల లెక్కలు చూసే, చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు చెబుతుంది.

ఇదంతా బొమ్మకెందుకు అనిపించవచ్చు. మీ కాగితం మీద ఏవి ఎక్కువ ఉండాలో, ఏవి తక్కువ ఉండాలో నిర్ణయించేది ఇదే. స్కెచ్‌బుక్ మొదటి పేజీలో ఒక వాక్యం రాసుకోండి: ‘మార్చి నెల, పొద్దున, విశాఖ తీరం, పై రెండు మీటర్ల నీళ్లు’. పని పూర్తయ్యే దాకా ఆ వాక్యానికి కట్టుబడండి.

వల కుట్టుకోవడం, నీళ్లు తెచ్చుకోవడం

ప్లవకాల వల కొనాల్సిన పని లేదు. స్క్రీన్ ప్రింటింగ్ సామాను అమ్మే షాపులో బోల్టింగ్ క్లాత్ అడగండి. సెంటీమీటరుకు 120 దారాలున్న రకం తీసుకుంటే కన్నం సుమారు 50 మైక్రాన్లు ఉంటుంది, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. పెద్ద డయాటమ్‌లు, గొలుసులు కట్టే డయాటమ్‌లు, కోపీపాడ్‌లు (రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న జంతు ప్లవకాలు) అందులో ఆగిపోతాయి. అంతకంటే సన్నవి జారిపోతాయి, పోనివ్వండి.

బట్టను గరాటు ఆకారంలో కుట్టండి. మూతి 25–30 సెంటీమీటర్లు, పొడవు దానికి రెండింతలకు పైగా ఉండాలి. మూతికి దళసరి తీగ చుట్టు, కొసకు చిన్న ప్లాస్టిక్ సీసా. మూతి చుట్టూ సమాన దూరంలో మూడు తాళ్లు కట్టి ఒక ముడిలో కలపండి. నెమ్మదిగా వెళ్లే పడవ వెనక ఐదు నిమిషాలు లాగితే చాలు. జోరుగా లాగితే నీళ్లు వలలోంచి పోకుండా మూతి దగ్గరే పొర్లిపోతాయి, లోపలున్న మెత్తటి జీవులు నలిగిపోతాయి.

పడవ దొరక్కపోతే జెట్టీ మీద నుంచి లాగవచ్చు, అనుమతి తీసుకున్నాకే. రాళ్ల మీద నుంచి ఒంటరిగా మాత్రం వద్దు. విశాఖ తీరంలో అలలు మనిషిని లాగేసుకుంటాయి. తెలిసిన మత్స్యకారులతో వెళ్లడం అన్నిటికంటే మేలు. నీటి రంగు మారిందని వాళ్లు మీకంటే ముందే గుర్తుపడతారు.

సీసా సగమే నింపి, మిగతా సగం గాలికి వదలండి. నీడలో, చల్లగా ఉంచండి, ఐస్‌కు నేరుగా తగలనివ్వకండి. ఎండలో ఉన్న కారులో అరగంట వదిలేస్తే లోపలివి చచ్చిపోతాయి. అదే పూట చూసేయండి, చూడటం అయ్యాక ఆ నీళ్లను తెచ్చిన చోటే పోయండి. వేరే చెరువులోనో కాలువలోనో పోయకండి.

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, ఎవరైనా బీచ్‌కి వెళ్తే గుప్పెడు సన్న ఇసుక తెప్పించుకోండి. ఆరబెట్టి భూతద్దం కింద వెతికితే ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల సున్నపు గుల్లలు దొరికే అవకాశం ఉంది. చాలావరకు చుట్టలు చుట్టుకున్న గదుల్లా ఉంటాయి. రెండోది, తోటపని కోసం అమ్మే డయాటమేషియస్ ఎర్త్. ఆ పొడి చాలావరకు లక్షల ఏళ్ల నాటి డయాటమ్ గుల్లల ముక్కలే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు కాబట్టి మాస్క్ పెట్టుకుని, తడిపి వాడండి.

చూడటం

స్టూడెంట్ మైక్రోస్కోపు సరిపోతుంది. అదీ లేకపోతే స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్ ఉంది. అది సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది.

ముందు తక్కువ రెట్లలో, 40లో చూడండి. ఒక చిన్న పని చేస్తే చూపే మారిపోతుంది: కింద నుంచి వచ్చే కాంతి దారిలో, ఆ కాంతిని స్లైడు మీద కూర్చే కటకం (కండెన్సర్) కింద, గుండ్రంగా కత్తిరించిన నల్ల కాగితం ముక్క పెట్టండి. నడిమి కాంతి ఆగిపోయి పక్కల నుంచి వచ్చేది మాత్రమే జీవులకు తగులుతుంది. నేపథ్యం నల్లబడి, ప్రతి ముల్లూ, ప్రతి వెంట్రుకా వెలుగుతూ కనపడుతుంది. నల్ల కాగితం మీద తెల్ల పెన్నుతో వేయాలనే ఆలోచన మీకు అక్కడే పుడుతుంది.

తర్వాత కొలత. స్లైడు ఉండే చోట పారదర్శకమైన స్కేలు పెట్టి, కనపడే వృత్తం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లో చూసుకోండి. చాలా మైక్రోస్కోపుల్లో 40 రెట్ల దగ్గర అది 4–5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఒక కోపీపాడ్ ఆ వృత్తంలో నాలుగో వంతు ఆక్రమిస్తే దాని పొడవు మిల్లీమీటరు పైచిలుకు. ఈ లెక్క ప్రతి స్కెచ్ పక్కనా రాయండి. కొలత లేని స్కెచ్ తర్వాత కూర్పులో ఇమడదు.

ఫొటోలు తీసుకోండి, కానీ స్కెచ్ మానకండి. ఫొటోలో కదలిక రాదు. కోపీపాడ్ కాసేపు ఊరికే తేలుతూ ఉండి, ఉన్నట్టుండి చెంగున గెంతి అద్దంలోంచి మాయమవుతుంది. డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవి తన చుట్టూ తాను తిరుగుతూ ముందుకు పోతుంది, ఎందుకంటే దాని నడుం చుట్టూ ఉన్న గాడిలో కొరడా లాంటి ఒక కశాభం, వెనక్కి వేలాడుతూ ఇంకొకటి ఉంటాయి. డయాటమ్ గొలుసు కదలకుండా పడి ఉంటుంది. రెండేసి నిమిషాల స్కెచ్‌లు వేస్తూ, పక్కన బాణాలతో ఈ నడకలు గుర్తుపెట్టండి.

ఒక కోపీపాడ్ మీద తీరిగ్గా కళ్లు నిలపండి. ఒళ్లు అద్దంలా ఉంటుంది, తల ముందు చిన్న ఎర్రటి కన్ను చుక్క, రెండు పొడవాటి మీసాలు. నడుం వెంబడి చూస్తే పేగు కనపడుతుంది, అందులో ఆకుపచ్చా గోధుమా కలిసిన ముద్ద. అది తిన్న డయాటమ్‌లే. ఇంకాస్త వెనక ఆ ముద్ద బిగుసుకుని గుళికగా మారుతుంది. ఆ గుళిక బయటపడి నీళ్లలో కిందికి దిగిపోతుంది, గాలి నుంచి వచ్చిన కార్బన్‌ను లోతుకు మోసుకుపోతుంది. ఒక్క జీవి ఒంట్లో సముద్రపు ఆహార గొలుసు మొత్తం కనిపిస్తుంది. నా దృష్టిలో మొత్తం పటానికి కేంద్రం ఇదే.

ప్రతి రూపానికీ కారణం రాసుకోండి

స్కెచ్ పక్కన ‘ఎందుకు’ అని ఒక గడి పెట్టుకోండి. కీటోసెరాస్ అనే డయాటమ్‌కు ప్రతి కణం మూలల నుంచీ పొడవాటి గాజు ముళ్లు వస్తాయి. అవి మునిగిపోవడాన్ని నెమ్మదింపజేస్తాయి, తినబోయే జీవికి అడ్డం పడతాయి. ఎండ ఉండేది పైన కాబట్టి మునగకుండా ఉండటమే దాని బతుకు. ఇది తెలిశాక ఆ ముళ్లను అలంకారంగా వేయరు, నీటిని పట్టుకుని వేలాడుతున్నట్టు వేస్తారు. సెరాషియం అనే డైనోఫ్లాజెల్లేట్ కొమ్ములదీ అలాంటి కథే.

డయాటమ్ గుల్ల సిలికాతో, అంటే గాజు పదార్థంతో తయారవుతుంది. డబ్బా, మూత లాగా రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇముడుతాయి. కణం రెండుగా చీలినప్పుడు ఒక్కో పిల్లకు ఒక్కో పాత ముక్క వస్తుంది. రెండో ముక్కను అది ఎప్పుడూ లోపలి వైపే, చిన్నదిగా కట్టుకుంటుంది. అలా ఒక వంశంలో తరతరానికీ సైజు తగ్గుతూ పోయి, చివరికి లైంగిక ప్రత్యుత్పత్తితో మళ్లీ పెద్ద కణం పుడుతుంది. కాబట్టి ఒకే జాతి డయాటమ్‌లు ఒకే పటంలో రకరకాల సైజుల్లో ఉండటం తప్పు కాదు, అలా ఉండటమే నిజం. కాపీ–పేస్ట్ చేసినట్టు ఒకే సైజులో వేస్తేనే అబద్ధం.

ఇక్కడ జర్మన్ జీవశాస్త్రవేత్త, చిత్రకారుడు ఎర్న్‌స్ట్ హెకెల్ పేరు చెప్పుకోవాలి. 1899–1904 మధ్య ఆయన వెలువరించిన 100 చిత్రఫలకాలు ఈ రంగంలో అందరూ చూసి నేర్చుకునేవే. రేడియోలేరియాలనే గాజు అస్థిపంజరాల ఏకకణ జీవులకు ఆయన వేసిన బొమ్మల ప్రభావంతోనే వాస్తుశిల్పి రెనె బినే 1900 పారిస్ ప్రదర్శనకు ముఖద్వారం కట్టాడు. హెకెల్ దగ్గర గీతలోని ఓర్పు నేర్చుకోండి. ఆయన సౌష్ఠవాన్ని మాత్రం యథాతథంగా తీసుకోకండి, ప్రకృతిలో ఉన్నదానికంటే ఎక్కువ పరిపూర్ణంగా వేశాడన్న విమర్శ ఉంది. మీ స్లైడులో విరిగిన ముల్లుంటే విరిగిన ముల్లే వేయండి.

మొదటి బొమ్మ: సందు చుక్కలతో కాసినోడిస్కస్

కాసినోడిస్కస్ గుండ్రటి బిళ్ల లాంటి డయాటమ్. గుల్ల నిండా షట్కోణాకారపు గదులు. చాలామంది దీన్ని చేత్తో గీయబోయి పది గదులు దాటాక వరుస తప్పుతారు. ముగ్గు వేయడం వచ్చినవాళ్లకు ఆ బాధ లేదు, ఎందుకంటే సందు చుక్కల ముగ్గు పెట్టే పద్ధతి సరిగ్గా ఈ అమరికనే ఇస్తుంది.

పెన్సిల్‌తో 15 చుక్కలు, 8 వచ్చే దాకా సందు చుక్క పెట్టండి. చుక్కకూ చుక్కకూ మధ్య 1 సెంటీమీటరు. వరుసకూ వరుసకూ మధ్య మాత్రం 8.7 మిల్లీమీటర్లు ఉండాలి, అప్పుడే ఏ మూడు పక్క చుక్కలను కలిపినా సమబాహు త్రిభుజం వస్తుంది. మొత్తం 169 చుక్కలు పడతాయి. నడి చుక్క మీద కంపాస్ ఆనించి 7 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే ఆరు మూలల చుక్కలనూ తాకుతుంది. మూలల మధ్య ఖాళీగా మిగిలిన ఆరు వంపుల్లో, వృత్తం లోపల ఎక్కడ పడితే అక్కడ, అదే అమరికలో ఇంకొన్ని చుక్కలు పెట్టండి.

ఇప్పుడు ముగ్గులో లాగా చుక్కలను కలపకండి. ప్రతి చుక్కా ఒక గదికి నడిబొడ్డు. రెండు పక్క చుక్కలకు సరిగ్గా మధ్యలో అడ్డంగా చిన్న గోడ గీయండి. ఆరు వైపులా అలా గీస్తే గది పూర్తవుతుంది, దాని గోడలు పక్క గదులకూ గోడలే. 0.1 పెన్ను వాడండి. నడిమి నుంచి బయటికి వెళ్లండి, లేకపోతే చెయ్యి తగిలి సిరా అలుక్కుపోతుంది. నడి బొడ్డున కొన్ని గదులను కాస్త పెద్దవి చేయండి, చాలా కాసినోడిస్కస్ జాతుల్లో అక్కడ పువ్వు లాంటి అమరిక ఉంటుంది. అంచుకు వచ్చేసరికి గదులను సన్నం చేయండి.

అంతా అయ్యాక దూరంగా పెట్టి చూస్తే మరీ లెక్కగా, చదునుగా కనిపిస్తుంది. నిజమైన గుల్ల కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. అందుకే అంచు వైపు గదులను బయటికి వంచి కొద్దిగా నొక్కినట్టు వేయాలి, అక్కడక్కడ ఒక గదికి ఐదు గోడలే పడాలి. మీ స్కెచ్‌లో అలాంటివి ఎక్కడున్నాయో చూసి అక్కడే పెట్టండి. చివరగా లెక్క: మీరు చూసిన కణం 150 మైక్రాన్లయితే, మీ 14 సెంటీమీటర్ల బొమ్మ దానికి సుమారు 930 రెట్లు. ఆ సంఖ్య బొమ్మ కింద రాయండి.

రంగు వేస్తే గుల్లకు వేయకండి, అది గాజు. లోపల చెదురుమదురుగా ఉండే చిన్న హరితరేణువులకు వేయండి. డయాటమ్‌లది పచ్చ రంగు కాదు, బంగారు గోధుమ, ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం వల్ల. రా సియెన్నాలో చిటికెడు శాప్ గ్రీన్ కలిపితే దగ్గరగా వస్తుంది.

రెండో బొమ్మ: కనపడని ఒళ్లు

కోపీపాడ్ పారదర్శకంగా ఉండేది చేపల కంట పడకుండా ఉండటానికే. దాన్ని చుట్టూ నల్ల గీత గీసి నింపితే దాని బతుకు రహస్యమే పోతుంది. నల్లటి లేదా ముదురు నీలం కాగితం తీసుకోండి. తెల్ల పోస్టర్ కలర్‌ను బాగా పల్చన చేసి, కాంతి వంగే చోట్ల మాత్రమే, అంటే వీపు వంపున, కాళ్ల కీళ్ల దగ్గర, మీసాల అంచున సన్నగా వేయండి. ఒంటి మధ్య భాగాన్ని కాగితానికే వదిలేయండి. ఆరాక అదే చోట ఇంకో పూత. మూడు పల్చటి పూతలు ఒక దళసరి పూత కంటే ఎప్పుడూ మేలు. గట్టి రంగు మూడు చోట్లే: ఎర్రటి కన్ను, నారింజ రంగు నూనె బొట్లు, పేగులోని గోధుమ ముద్ద. చూసేవాళ్ల కన్ను ముందు ఆ ముద్ద మీదికే వెళ్లాలి.

అన్నిటినీ ఒక పటంలో కూర్చడం

తెలంగాణలో చేర్యాల నకాషీ కళాకారులు పొడవాటి పటం మీద గడులు గడులుగా కథ వేస్తారు, కథకుడు ఒక్కో గడీ చూపిస్తూ చెబుతాడు. సముద్రపు లోతును చెప్పడానికి నాకు ఇంతకంటే సరిపోయే ఆకారం కనపడలేదు. నిలువుగా పొడవాటి కాగితం తీసుకుని, ఎడమ సగం పగలు, కుడి సగం రాత్రి అనుకోండి.

పగటి వైపు పై గడిలో డయాటమ్‌లు కిక్కిరిసి ఉంటాయి. కోపీపాడ్‌లు చాలావరకు కింది చీకటి గడుల్లో దాక్కుంటాయి. రాత్రి వైపు అవే పైకొచ్చి మేస్తుంటాయి. తెల్లారేలోపు మళ్లీ దిగిపోతాయి. భూమి మీద రోజూ జరిగే అతి పెద్ద జంతు వలస ఇదే. తీరానికి దగ్గరి లోతు తక్కువ నీళ్లలో ఈ తేడా అంతగా తెలియదు కాబట్టి, ఈ పటం వేయాలంటే మొదటి పేజీ వాక్యాన్ని లోతు సముద్రానికి మార్చుకోండి. రెండు వైపులా అడుగు గడిలోకి గుళికలూ, చచ్చిన కణాల తునకలూ సన్నగా రాలుతుండాలి.

రంగు లోతును బట్టి మారాలి. నీళ్లు ఎరుపును ముందే మింగేస్తాయి, నీలం ఎక్కువ లోతుకు పోతుంది. పై గడిలో నారింజగా వెలిగిన నూనె బొట్టు కింది గడిలో నల్లగానే ఉంటుంది. చూసేవాళ్లకు కనపడదేమోనన్న టెన్షన్‌తో అక్కడ రంగు పెట్టకండి.

సంఖ్యలూ ముఖ్యమే. తిన్నదాంట్లో సుమారు పదో వంతే తర్వాతి మెట్టుకు చేరుతుందని స్థూలంగా చెబుతారు. కాబట్టి డయాటమ్‌లు లెక్కలేనన్ని, కోపీపాడ్‌లు కొన్ని, వాటిని వేటాడే బాణపు పురుగు ఒక్కటి. ఇక్కడే సైజు చిక్కు వస్తుంది. 50 మైక్రాన్ల డయాటమ్‌ను 1 సెంటీమీటరుగా వేస్తే, 2 సెంటీమీటర్ల బాణపు పురుగు 4 మీటర్లు కావాలి! దాన్ని కుదించి ఇరికించకండి. కాగితం అంచు నుంచి దాని తల, దవడల దగ్గరి కొక్కేలు మాత్రమే లోపలికి రానివ్వండి. మిగతా ఒళ్లు కాగితం బయట ఉందని చూసేవాళ్లకు అర్థమవుతుంది, ఆ వేటగాడి భయమూ తెలుస్తుంది.

రాత్రి గడిలో నోక్టిల్యూకాకు చోటివ్వండి. ఎవరైనా కదిలిస్తే నీలంగా మెరిసే ఏకకణ జీవి అది. తనను తినవచ్చిన జీవి ఆ వెలుగులో పెద్ద వేటగాళ్ల కంట పడుతుందని శాస్త్రవేత్తల వివరణ. కాబట్టి ఆ నీలాన్ని గడి అంతా చల్లకండి. కోపీపాడ్ కాళ్లు తగిలిన చోట, అల విరిగే చోట మాత్రమే పెట్టండి. ఇది అందమైన వెలుగే, అయితే అరేబియా సముద్రంలో 2000 తర్వాత చలికాలాల్లో ఆకుపచ్చ నోక్టిల్యూకా విపరీతంగా పెరిగి డయాటమ్‌ల చోటు ఆక్రమించడం అక్కడి ఆహార గొలుసుకు పెద్ద సమస్య అయింది. అరేబియా పటం వేసేవాళ్లు ఆ గడిని కిక్కిరిసేలా వేయాలి.

వలలో ప్లాస్టిక్ దారాలు పడితే అవీ వేయండి. ముందు మాత్రం అవి మీ వల బట్టవి కావని పక్కన పెట్టి పోల్చుకోండి.

చివరి పనులు

పటం కింద చోటు, నెల, ఒక్కో గడికీ కొలత గీత పెట్టండి. మీరు స్వయంగా చూసినవి, వేరేవాళ్ల ఫొటోల నుంచి తీసుకున్నవి వేర్వేరు గుర్తులతో చూపండి. పేర్లు ప్రజాతి వరకే రాయండి. కాసినోడిస్కస్ అంటే చాలు, జాతి తేల్చడం నిపుణుల పని. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉన్నాయి. స్కెచ్‌లు, కొలతలు పట్టుకుని వెళ్లి అడగండి.

సిరా పిగ్మెంట్ రకమే వాడండి, డై సిరాలు వెలుతురుకు వెలిసిపోతాయి. స్కాన్ చేయించాకే ఫ్రేమ్ కట్టించండి. కాసినోడిస్కస్, కీటోసెరాస్ గీతలు బట్ట మీదికీ బాగా వెళ్తాయి. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లకు ఇవ్వాలంటే అతి సన్నటి గీతలు తీసేసి, గోడలు కాస్త దళసరి చేసి ఇవ్వండి, లేకపోతే చెక్కలో నిలబడవు.

తర్వాతి పటం అదే చోట, రుతుపవనాల వరదలు తగ్గాక వేయండి. నదుల ఒండ్రు చేరిన నీళ్లలో వెలుతురు తగ్గుతుంది, జీవుల వాటాలు మారిపోతాయి. కాగితం కొలత, గడుల సంఖ్య, రెట్లు మొదటి పటంలో ఉన్నట్టే ఉంచండి, అప్పుడే రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలవుతుంది.